వాసన లేని చేపలు

నా ఉద్యోగం వాసన చూడటం. భీమవరం దగ్గర రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ సెక్షన్ అని బోర్డు తగిలించిన చల్లటి గదిలో, తెల్ల కోటు తొడుక్కుని, జుట్టుకి ప్లాస్టిక్ టోపీ పెట్టుకుని, చెరువుల నుంచి వచ్చిన రొయ్యని ముక్కు దగ్గరకి తెచ్చుకుని ఊపిరి పీల్చి, బాగుందనో బాగాలేదనో చెప్పినందుకు నాకు జీతం ఇస్తారు. ఇంజనీరింగ్ చదివిన పిల్లకి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకలేదా అని చుట్టాలు అడుగుతారు. దొరకలేదు. భీమవరంలో ఇంజనీర్లూ రొయ్యలూ ఇద్దరూ టన్నుల లెక్కన తయారవుతారు గానీ, గిరాకీ రొయ్యలకే ఉంది.

పొద్దున్నే ఆ గది తలుపు తీయగానే మొదట తగిలేది రొయ్య వాసన కాదు, ఐసు వాసన. ఐసుకి వాసనేమిటని ఐసుతో బతకనివాళ్ళు అంటారు. పొడి కొట్టిన ఐసుది ఒక వాసన, తుప్పు పట్టిన రేకు డబ్బాలో కరిగిన ఐసుది ఒక వాసన, ఊక అంటుకున్న దిమ్మది మరో వాసన. ఇప్పుడు ఊక ఎవరూ వాడటం లేదు. కానీ ఎప్పుడైనా పాత ఐసు ఫ్యాక్టరీ నుంచి ఒక దిమ్మ వచ్చి ఆ తడి ఊక వాసన ముక్కుకి తగిలిందంటే, మా మామ్మ, ఒక థర్మోకోల్ పెట్టె, హైదరాబాదు రోడ్డు నిండా జనం, అదే వరసలో గుర్తొస్తారు నాకు.

మామ్మ అంటే మా నాన్నని కన్నతల్లి, పేరు పోలమ్మ. మా ఊరు యానాం దాటాక, గోదావరి పాయ ఒకటి సముద్రం వైపు తిరిగేచోట ఒక ఉప్పుటేటి ఒడ్డున ఉంటుంది. దాన్ని మేము ఏరు అనే పిలిచేవాళ్ళం, వేరే ఏరు ఏదైనా ఉంటుందన్న ఆలోచన మాకు లేదు గనక. మా చిన్నప్పుడు ఋతువుల్ని బడిలో చెప్పిన లెక్కలో కాక చేపల లెక్కలో తెలుసుకునేవాళ్ళం. ఆషాఢంలో ఎర్రనీళ్ళు దిగితే పులసల కాలం, అంటే మావాళ్ళు పట్టి కార్లలో వచ్చినవాళ్ళకి ఇచ్చేసి ఇంటికొచ్చి మునక్కాడల పులుసు తినే కాలం. వినాయక చవితికి ఆకు బుట్టల్లో ఇడ్లీలు ఉడికే వేళకి ఏటిలో గొరక చేపలు బలిసేవి. కార్తీకంలో తూర్పు గాలి తిరిగిందంటే చీరమేను వచ్చేది. గోటి కన్నా సన్నటి ఆ చేపపిల్లల్ని వలతో పట్టడం కుదరక, ఆడవాళ్ళు పాత చీరలు తీసుకుని మొలలోతు నీళ్ళలో దిగితే, పిల్లలం చెంగులు పట్టుకుని ఒడ్డు వెంట పరుగెత్తేవాళ్ళం, సాయంత్రానికి మినప్పిండిలో కలిపి వేసిన చీరమేను గారెల వాసన వీధి వీధంతా కమ్ముకుని, చర్చిలో ప్రార్థన చేసుకునేవాళ్ళు కూడా ఆమెన్ కాస్త త్వరగా అనేసి బయటపడేవారు.

మాకో ఆట ఉండేది. ఒకళ్ళకి కళ్ళకు గంతలు కట్టి, ముక్కు కింద చేప పెడితే, అది ఏ చేపో, పొద్దున్న పట్టిందో నిన్న పట్టిందో చెప్పాలి. ఓడినవాళ్ళు పొలుసుల తట్ట మోసుకెళ్ళి పారబొయ్యాలి. తీర్పు చెప్పేది మామ్మ. ఆవిడ చేపల గంప ఎత్తుకుని మెరక ఊళ్ళన్నీ తిరిగి అమ్మేది. గంప అడుగున ఊక, ఊక మీద ఐసు, ఐసు మీద కడిగి తుడిచిన చేప, తలలన్నీ ఒకేవైపు. చేప ఎంత మంచిదైనా వాసనొస్తే అది అమ్మేవాడి వాసనేనని ఆవిడ నమ్మకం. అవే వీధుల్లో గంప ఎత్తే వెంకాయమ్మకీ మామ్మకీ ఈ విషయంలో రోజూ యుద్ధం. "నీ చేప వీధి మొగలో ఉండగానే ఇళ్ళల్లో పిల్లులు లేస్తాయంటనే" అని మామ్మ అంటే, "నీ చేపకి పౌడరు రాస్తావంట కదే, పెళ్ళి చేస్తావేంటి" అని వెంకాయమ్మ అనేది. అలా తిట్టుకుంటూనే ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళి ఒకే ఆటోలో వచ్చేవారు.

అప్పుడు ఏటికి ఎగువన ఒక ఫ్యాక్టరీ వచ్చింది. అందులో ఏం తయారుచేస్తారో మాకెవరూ చెప్పలేదు గానీ, ఏం వదులుతారో ఏరే చెప్పింది. వాళ్ళు గొట్టం విప్పిన మర్నాడు పొద్దున్న చేపలు పొట్టలు పైకి పెట్టుకుని తేలేవి. మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, అర్జీలు పెట్టాడు. అర్జీకి అధికారులు వచ్చేవారు, అధికారులు వచ్చే వారం ఫ్యాక్టరీకి ఏదో ఒక సెలవు వచ్చేది, వాళ్ళు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళేవారు, నీళ్ళు బాగున్నాయని కాయితం వచ్చేది. ఆ కాయితం వచ్చిన రోజున బాబాయి దాన్ని చించబోతే మామ్మ ఆపి, చేపలు చుట్టడానికి పనికొస్తుందని తీసుకుంది.

"సీసాలో నీళ్ళు చూసి ఆళ్ళకేం తెలుస్తాదిరా" అంది. "చచ్చిన చేప తీసుకెళ్ళి ఆళ్ళ ముక్కు కింద పెట్టాలి. ఈ కంపు ఒక్కసారి ఆ పెద్దాళ్ళకి తగిలిందంటే ఏరు బతికినట్టే. తగల్లేదంటే మనం వేరే పని ఎతుక్కోవాల్సిందే."

ఆ మాట పార్టీవాళ్ళకి చేరింది. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న ఒక పెద్ద నాయకుడు గారు రాజధానిలో మహా ప్రదర్శన పెట్టారు. అప్పటికి మన రాజధాని హైదరాబాదు. కరెంటు ఛార్జీలు, ఎరువులు, రేషను బియ్యం, ఇంకా ఊరికొక కష్టం కలిపి అసెంబ్లీ మీదకి నడవాలని పిలుపు. చచ్చిన చేపలు తెస్తే నాయకుడు గారే స్వయంగా కెమెరాల ముందు పెట్టె తెరిపిస్తారని ఆయన మనిషి ఒకడు వచ్చి బాబాయితో చెప్పాడు. "బాగా కంపు కొట్టేవి తెండి, ఎఫెక్టు ఉంటది" అన్నాడు. "ఆయ్, అలాగేనండి" అన్నాడు బాబాయి.

బయల్దేరే ముందు రోజే గొట్టం విప్పినట్టున్నారు, పొద్దున్నకి ఏటి నిండా పండుగప్ప చేపలు తేలాయి. మామ్మ మోకాళ్ళ లోతు దిగి పెద్దవి చూసి ఏరింది. ఇంటికి తెచ్చింది. కడిగింది. గుడ్డతో తుడిచింది. థర్మోకోల్ పెట్టెలో అడుగున ఊక వేసి, ఊక మీద ఐసు వేసి, తలలన్నీ ఒకేవైపు వచ్చేలా సర్ది, పైన మళ్ళీ ఐసు కప్పి మూత బిగించింది. ఇదంతా మా బాబాయి చూశాడు. వెంకాయమ్మ చూసింది. వీధిలో సగం మంది అక్కడే నిలబడి ఐసు ఇంకాస్త వెయ్యమని సలహా కూడా ఇచ్చారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. అక్కడున్నవాళ్ళంతా చేపలవాళ్ళే మరి. చేపకి ఐసు వెయ్యకపోతే ఎందుకు వెయ్యలేదని అడుగుతారు గానీ, వేస్తే ఎందుకు వేశావని మా ఊళ్ళో ఎవరడుగుతారు.

పెట్టెకి కాపలా నేను. బస్సులు చర్చి ముందు బయల్దేరి యానాంలో చాలాసేపు ఆగాయి. ఎందుకని ఆడవాళ్ళు అడిగితే టైరుకి గాలి అన్నారు. మగాళ్ళందరూ దిగివెళ్ళి సీసాల్లోంచి ఆ చవక గాలి కొట్టించుకొచ్చారు, రావులపాలెం వచ్చేసరికి ఉద్యమం మొత్తం గురక పెడుతోంది. బాబాయి కూడా. మామ్మ మాత్రం మెలకువగా ఉంది. తణుకులో బస్సు టీకి ఆగితే సోడా కొట్టువాడి దగ్గర ఐసు అడిగి, కరిగిన నీళ్ళు ఒంపేసి కొత్తది వేసింది. విజయవాడ దాటాక ఒక హోటల్లో కూల్ డ్రింకుల డబ్బాలోంచి ఐసు దొరికింది. నెలల పిల్లకి పాలు పట్టినట్టు ఆ పెట్టెకి వేళకి ఐసు పట్టింది. "ఏంటే, దాన్ని పెంచుకుంటావా" అంది వెంకాయమ్మ. మామ్మ మూత తీసి మొప్ప ఎత్తి చూపించింది. "చూడు, ఎలా ఉందో." వెంకాయమ్మ చూసి, ఇష్టం లేకపోయినా, బాగుందని తలూపింది.

మర్నాడు పొద్దున్న హైదరాబాదు చేరాం. రాజధాని అంటే రాజుండే ఊరని నేననుకున్నాను, కానీ అక్కడ రాజు గారు కనబడలేదు, ఆయన ఫోటోలు మాత్రం ప్రతి స్తంభానికీ ఉన్నాయి. బస్సు మూసీ వంతెన మీద నెమ్మదిగా పోతుంటే మామ్మ కిటికీలోంచి కిందకి చూసి, ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని, "ఈళ్ళకి మన కంపు ఏం తగుల్తాదే" అని మొదటిసారి కాస్త దిగులుగా అంది.

నడక మొదలైంది. అంతమంది జనాన్ని నేను అదివరకు గోదావరి పుష్కరాల్లో కూడా చూడలేదు, పైగా పుష్కరాల్లో కనీసం స్నానం చేస్తారు. ముందు జీపు మీద ఒక కుర్రాడు మైకులో నినాదం ఇస్తే వెనక అందరూ అందుకోవాలి. మావాళ్ళకి వలలాగే పాటే అలవాటు గనక, ఆ కుర్రాడు ఏమన్నా సరే, ఒళ్ళు ముందుకు వంచి, తాడు పట్టుకున్నట్టు చేతులు చాచి "హైలెస్సా" అన్నారు. ప్రభుత్వం నశించాలి, హైలెస్సా. ఛార్జీలు తగ్గించాలి, హైలెస్సా. పక్క జిల్లాల వాళ్ళకి అది నచ్చి వాళ్ళూ అందుకున్నారు. ఎండ నెత్తి మీదకొచ్చాక పులిహోర పొట్లాలు పంచారు. ఆ రోజు మొత్తం మీద నాయకుడు గారి మాట ప్రకారం జరిగిన పని అదొక్కటే. తర్వాత ఆయన వ్యాను మీద నిలబడి మాట్లాడారు. కరెంటుకీ ఎరువులకీ మధ్య ఎక్కడో మా ఏరు వచ్చింది. ఆయన దాన్ని గుంటూరు జిల్లాలో పెట్టారు. మేము చప్పట్లు కొట్టాం, ఏ జిల్లాలో ఉంటే ఏముంది, బతికితే చాలు.

"ఏదమ్మా, ఆ చచ్చిన చేపలు ఈ ప్రభుత్వానికి చూపించు తల్లీ" అన్నారు.

బాబాయీ ఇంకొకాయనా పెట్టె మోసుకెళ్ళి వ్యాను ముందు దించారు. మామ్మ వెనకాలే వెళ్ళింది, నేను ఆవిడ చెంగు పట్టుకుని వెళ్ళాను. టీవీలవాళ్ళు చుట్టూ మూగారు. వచ్చేది ఏమిటో ముందే చెప్పి ఉంచారు గనక అందరూ జేబు రుమాళ్ళు ముక్కులకి కట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మామ్మ మూత తీసింది.

పెట్టెలోంచి చల్లటి పొగ లేచింది. పొగ తేలిపోయాక పండుగప్పలు కనబడ్డాయి, వియ్యాలవారికి పంపడానికి సర్దినట్టు, తలలన్నీ ఒకేవైపు, ఒళ్ళంతా వెండి రంగు, కళ్ళు గాజుగోళీల్లాగా. రుమాళ్ళు ఒక్కటొక్కటిగా కిందకి దిగాయి. వెనకనుంచి ఎవరో "కిలో ఎంతట" అన్నారు.

మైకు పట్టుకున్న అమ్మాయి వంగి చూసి, "ఇవి నిజంగా చచ్చిన చేపలేనామ్మా?" అని అడిగింది.

"బతికున్న చేపని పెట్టెలో పడుకోబెట్టి ఊరేగిస్తామేంటండీ" అంది వెంకాయమ్మ వెనకనుంచి.

నాయకుడు గారు నవ్వు మొహం చెదరకుండానే వ్యాను మీంచి వంగి గొంతు తగ్గించారు. "వాసన రావాలి కదమ్మా. వాసనేదీ?"

ఆ ఒక్క మాట అడక్కుండా ఉండాల్సింది. మామ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. మెరక ఊళ్ళల్లో ఏ అరుగు మీదైనా ఎవరైనా ముక్కు చిట్లిస్తే ఎలా చూసేదో అలా చూసింది.

"నా చేపకి వాసనేంటండీ" అంది, మైకు అక్కర్లేనంత గట్టిగా. "ఇన్నేళ్ళ నుంచీ గంప ఎత్తుతున్నానండి. పోలమ్మ చేప కంపు కొట్టిందన్నోళ్ళు ఒక్కళ్ళుంటే పట్టుకురండి. ఇదిగో మొప్ప, చూడండి, ఎర్రగా లేకపోతే అడగండి."

అని వేలుపెట్టి మొప్ప ఎత్తింది. కెమెరాలన్నీ దగ్గరకొచ్చాయి. మొప్ప మందారంలా ఉంది.

తన నోట్లోంచి వచ్చింది ఏమిటో మామ్మకి అప్పుడు చెవిన పడింది. వేలు మొప్ప కిందే ఉండిపోయింది. బాబాయి "అమ్మా" అని మాత్రం అన్నాడు. వెంకాయమ్మ మూత వెతికి పెట్టె మీద పెట్టబోయింది. నాయకుడు గారు నిటారుగా లేచి, రేషను బియ్యం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

కాసేపటికి పోలీసులు అడ్డం పెట్టిన ముళ్ళకంచె దగ్గర ఆయన్ని అరెస్టు చేశారు. అరెస్టంటే, ఇన్‌స్పెక్టరు "రండి సార్" అన్నాడు, ఈయన "పదండి" అన్నారు, కారులో ఏసీ ముందే వేసి ఉంది. ఆయన అటు వెళ్ళగానే మిగిలినవాళ్ళని లాఠీలతో అరెస్టు చెయ్యడం మొదలుపెట్టారు. జనం వెనక్కి విరిగిపడ్డారు. నా చెప్పు ఒకటి పోయింది. ఎవరో పెట్టెని తన్నారు, థర్మోకోల్ పగిలి ఐసూ ఊకా చేపలూ రోడ్డు మీద పరుచుకున్నాయి. మామ్మ పారిపోలేదు. చేపల మీద పడుకుంది. లాఠీ ఆవిడ కుడి మణికట్టు మీద దిగింది. ఆ చప్పుడు నేను విన్నాను, ఎండు కొబ్బరి మట్ట విరిచినట్టు ఉంది.

చేపల్ని కాపాడటానికి ఎవరికీ ఎముక విరగొట్టుకోవాల్సిన పని లేదు, ఎందుకంటే అప్పటికే నగరవాసులు వాటిని కాపాడుతున్నారు. ఒకాయన హెల్మెట్టు తిరగేసి అందులో రెండు వేసుకున్నాడు. ఒకావిడ కూరల సంచిలో తోటకూర కింద దాచింది. పక్కన నిలబడ్డ కానిస్టేబులు కూడా ఒక పెద్దదాన్ని బూటుతో తనవైపు మెల్లగా జరుపుకున్నాడు.

"తినకండి బాబూ" అని మామ్మ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అరిచింది. "అది విషం తాగి చచ్చిన చేపండీ. పిల్లలకి పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను."

హెల్మెట్టాయన నవ్వాడు. "ఊరికే పోతోందని ఏడుపు ముసల్దానికి" అన్నాడు, పక్కనున్న ఆవిడతో. అంత మంచి చేపని చూసి ఎవరు నమ్ముతారు. వాళ్ళలో ఎవరికైనా ఏమైనా అయిందో లేదో మాకు తెలియలేదు. ఏమీ అయి ఉండదు. అయ్యుంటే కనీసం ఒక సాక్ష్యమైనా దొరికేది.

మేము ఊరు చేరేలోపే మామ్మ చేరిపోయింది, టీవీలో. టీ కొట్టు దగ్గర సాయంత్రం పొడుగునా "నా చేపకి వాసనేంటండీ" అని అంటూనే ఉంది. తర్వాత బాబాయి అర్జీ పెడితే వచ్చిన అధికారి సీసా కూడా తేలేదు. "మీ అమ్మగారే చెప్పారు కదండీ" అన్నాడు, చాలా మర్యాదగా. ఫ్యాక్టరీవాళ్ళు ఇంకా మర్యాదస్తులు. ఊరి మొదట్లో రోడ్డు పక్కన పెద్ద ఫ్లెక్సీ కట్టించారు, మొప్ప ఎత్తి చూపిస్తున్న మా మామ్మ బొమ్మ, పక్కన మనిషంత పండుగప్ప, కింద 'మీ ఏరు, మా బాధ్యత' అని పెద్ద అక్షరాలు. బస్సు దిగిన ప్రతివాడికీ ఆవిడే స్వాగతం చెప్పేది. ఊళ్ళో కొందరు మామ్మతో మాట్లాడటం మానేశారు. పిల్లలు మా పాత ఆట వదిలేసి కొత్త ఆట మొదలుపెట్టారు. ఒకడు నాయకుడు, ఒకతి పోలమ్మ, మిగతావాళ్ళు లాఠీలు. వెంకాయమ్మ మాత్రం ఎప్పటిలాగే వచ్చి అరుగు మీద కూర్చుని, "ఫోటోలో నీకంటే చేపే బాగా పడిందే" అంది. మామ్మతో ఆ రోజుల్లో మనిషిలా మాట్లాడింది ఆవిడొక్కతే.

మణికట్టు వంకరగా అతుక్కుంది. గంప ఎత్తడం కుదరలేదు. ఏరు కూడా ఎత్తడానికి పెద్దగా ఏమీ మిగల్చలేదు గనక ఆ నష్టం పైకి కనబడలేదు. తర్వాత ఎన్నికల్లో నాయకుడు గారు గెలిచారు, మా ఏటిని గుంటూరు నుంచి వెనక్కి తెచ్చి, ఫ్యాక్టరీ రెండో యూనిట్‌కి రిబ్బను కత్తిరించారు. రాష్ట్రం రెండుగా విడిపోయింది. మేము ముట్టడించిన రాజధాని ఇప్పుడు పక్క రాష్ట్రానిది, వెళ్ళి మళ్ళీ అడుగుదామన్నా అక్కడ మాకు సంబంధం లేదు.

ఇప్పుడు మా ఏరు కాఫీ రంగులో ఉంటుంది, కదలదు. తూర్పు గాలి కార్తీకంలో ఇప్పటికీ తిరుగుతుంది, చీరమేను రాదు. పాత చీరలు పాత చీరల్లాగే పడుంటున్నాయి. వలలాగే పాట చివరిసారి పాడింది హైదరాబాదులోనే. మగాళ్ళు సగం మంది భీమవరం వైపు చెరువుల కాపలాకి పోయారు. మా ఊరికి చేప నేనే తీసుకెళ్తున్నాను, నెలకోసారి, థర్మోకోల్ పెట్టెలో, చెరువు చేప. మామ్మ ఎడం చేత్తో మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి, "నిన్నటిది" అంటుంది. కంపెనీలో నాకు తెల్ల కోటు ఇచ్చారు గానీ, ఆవిడ చెప్పేదాకా నాకు నమ్మకం కుదరదు.

మొన్న వేసవిలో గాలివానకి ఆ ఫ్లెక్సీ ఊడి తుప్పల్లో పడింది. మా వంటింటి రేకులు కారుతున్నాయని బాబాయి దాన్ని చుట్టి తెచ్చి పైన కప్పడానికి ఎక్కాడు. ఎవరైనా చూస్తే నవ్వుతారని బొమ్మ కిందకి తిప్పాలా, వాన ఆగడానికి గట్టిగా ఉన్న బొమ్మవైపే పైకి ఉండాలా అని నేనూ ఆయనా వాదించుకుంటున్నాం. కింద మంచం మీద కూర్చున్న మామ్మ అది విని, వంకర చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని పైకి చూసింది.

"బొమ్మ లోపలికి తిప్పరా" అంది.

"సిగ్గేస్తోందేంటే?" అన్నాడు బాబాయి.

"సిగ్గెందుకురా. పైన ఎండ. చేప పాడైపోద్ది."